వాల్డెమార్ హాఫ్కిన్ మహాశయుడు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసందర్భమున వెలువడు సంచికకు ఒక మహాపురుషుని జీవితము వ్రాసి యిమ్మని సంఘమువారు నన్ను కోరిరి. కవులను గూర్చియు, రాజులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు మన గ్రామమున గలరు. ఊరి లెక్కలు వ్రాసికొను నేను, లెక్కలయందు నిజాయితీ గల యొక శాస్త్రజ్ఞుని కథను ఎన్నుకొంటిని. ఆయన మన దేశమువాడు కాడు, మన మతమువాడు కాడు, పట్టము పొందిన వైద్యుడు సైతము కాడు. ఐనను కలరా, ప్లేగు అను రెండు మహమ్మారులు మన దేశమును కబళించుచున్న కాలమున ఇచ్చటికి వచ్చి, తన ప్రాయమును, ఆరోగ్యమును, కీర్తిని ఇచ్చటనే వెచ్చించినాడు. మఱియొక విశేషము గలదు. లోకప్రసిద్ధమైన పరిశోధనాలయమున ఆయనకు దొరికిన తొలి కొలువు గ్రంథాలయమున సహాయకోద్యోగము. కావున గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆయనకు ఒక పీట వేయుట అన్నివిధముల తగియున్నది.

ఈ కథ చెప్పుటకు వేఱొక కారణము కూడ గలదు. 2021వ సంవత్సరము జనవరి 16వ తేదీన మన దేశమున కరోనా టీకాలు ప్రారంభమైనప్పుడు, మొట్టమొదట వానిని ఆసుపత్రులలో పనిచేయువారికి వేసిరి. వైద్యులు, నర్సులు, వార్డులు ఊడ్చి కడుగువారు వరుసగా నిలిచి భుజము చూపిరి. ఆ దినములలో మన గ్రంథాలయపు అరుగుమీద పత్రిక చదువుచుండగా ఒక పెద్దాయన యొక ప్రశ్న వేసెను. వారికి ముందు వేయుట వారిమీది ప్రేమచేతనా, లేక మందు గుణము వారిమీద పరీక్షించుటకా యని ఆయన సందేహము. అరుగుమీద నున్నవార మెవ్వరమును సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. హాఫ్కిన్ జీవితము చదివిన పిమ్మట నాకు సమాధానము దొరికినది. దానిని చదువరులకు నివేదించుటకే ఈ ప్రయత్నము.

వాల్డెమార్ హాఫ్కిన్ 1860వ సంవత్సరము మార్చి 15వ తేదీన నల్లసముద్రపు ఒడ్డున నున్న ఒడెస్సా నగరమున ఒక యూదుల కుటుంబమున జన్మించెను. ఆ నగరము నేడు యుక్రెయిన్ దేశమున నున్నది. ఆనాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఆయన జంతుశాస్త్రము చదివెను. అచ్చట ఆయనకు గురువు మెచ్నికోఫ్. ఈ గురువును గూర్చి నాలుగు మాటలు చెప్పనిదే శిష్యుని కథ బోధపడదు.

మన కాలిలో ముల్లు విఱిగినచో రెండు దినములలో ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, చీము పట్టును. చీము చెడ్డదని మన మనుకొందుము. అది యుద్ధభూమి యని మెచ్నికోఫ్ కనిపెట్టెను. 1882లో ఇటలీదేశపు మెస్సీనాలో ఆయన నక్షత్రచేపల పారదర్శకమైన పిల్లలలో ముల్లు గ్రుచ్చి సూక్ష్మదర్శినితో చూడగా, దేహమునందలి కొన్ని కణములు కదలివచ్చి ఆ ముల్లును చుట్టుముట్టియుండెను. మన రక్తమున నున్న తెల్లకణములును ఇట్లే లోపలికి జొచ్చిన రోగక్రిములను చుట్టుముట్టి మ్రింగుచున్నవని ఆయన సిద్ధాంతము. ఊరికి తలారులున్నట్లు దేహమునకును తలారులు గలరన్నమాట. ఈ సిద్ధాంతమునకు 1908లో నోబెల్ బహుమానము లభించినది. దేహము తన్ను తాను కాపాడుకొను శక్తి గలది, దానిని మేల్కొలుపవచ్చును అను ఈ భావమే హాఫ్కిన్ జీవితమునకు బీజమైనది.

ఆ కాలమున రష్యాలో యూదులపై దౌర్జన్యములు మిక్కుటముగా జరుగుచుండెను. 1881లో ఒడెస్సాలో అల్లరిమూకలు యూదుల యిండ్లపై బడినప్పుడు, తనవారిని రక్షించుటకు నిలిచిన యువకులలో హాఫ్కిన్ ఒకడు. అందులకు ఆయన చెఱసాల పాలయ్యెను. గురువు పూనికవలన విడుదల కలిగినది. చదువు ముగిసిన తరువాత, రాజమతమైన క్రైస్తవమును స్వీకరించినచో ఉన్నతోద్యోగము లభించునని తెలిసియు, ఆయన దానిని నిరాకరించెను. పొట్టకొఱకు పుట్టుక మార్చుకొనుట ఆయనకు రుచింపలేదు. ఒడెస్సాలోని జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో చిన్న కొలువుతో కొన్ని సంవత్సరములు గడిపి, 1888లో దేశము విడచి స్విట్జర్లాండునకు పోయెను.

అప్పటికి గురువైన మెచ్నికోఫ్ పారిస్ నగరమున పాశ్చర్ పరిశోధనాలయమున చేరియుండెను. 1889లో శిష్యుడును అచ్చటికి చేరెను. కాని పరిశోధకునిగా చేర్చుకొనుటకు ఖాళీ లేదు. ఉన్న ఖాళీ గ్రంథాలయమున సహాయకుని పదవి మాత్రమే. హాఫ్కిన్ దానినే సంతోషముగా స్వీకరించెను. పుస్తకముల పని ముగియగనే ప్రయోగశాలలో ఒక మూల కూర్చుండి సూక్ష్మజీవులను పెంచుచు పరిశీలించుచుండెను. తీరిక చిక్కినప్పుడు వయొలిన్ వాయించెడివాడు. చిన్న కొలువని సిగ్గుపడక, ఉన్న తావునుండియే పని మొదలిడువానికి దారి దొరకునని ఈ ఘట్టము మన పిల్లలకు చెప్పదగినది.

పాశ్చర్ మహాశయుడు అంతకుముందే పశువుల దొమ్మరోగమునకును, పిచ్చికుక్క కాటునకును టీకాలు కనిపెట్టియుండెను. బలహీనపఱచిన విషమును ముందుగా కొంచెము ఎక్కించినచో, దేహము దానితో పోరాడుట నేర్చికొని, తరువాత అసలు విషము వచ్చినప్పుడు ఓడింపగలదు. ఇదియే ఆ విద్య యొక్క రహస్యము. పాలసముద్రమును మథించినప్పుడు అమృతముకంటె ముందు హాలాహలము పుట్టినదను కథ మనకు తెలిసినదే. ఇచ్చట హాలాహలమునుండియే అమృతమును తీయుట జరిగినది. ఈ విద్యను కలరాపై ప్రయోగించుటకు హాఫ్కిన్ పూనుకొనెను. సీమపందికొక్కులపైనను, కుందేళ్లపైనను పరీక్షించి, ఆ జంతువులు కలరాను తట్టుకొనుట చూచెను.

ఇక మనుష్యునిపై పరీక్షింపవలెను. ఎవరిపై పరీక్షించుట? ఆసుపత్రిలో దిక్కులేక పడియున్న రోగిపైననా? చెఱసాలలోని ఖైదీపైననా? 1892వ సంవత్సరము జూలై 18వ తేదీన హాఫ్కిన్ ఆ మందును తన దేహములోనికే ఎక్కించుకొనెను. జ్వరము వచ్చినది, సూది గ్రుచ్చినచోట నొప్పి కలిగినది. ఎంత జ్వరము, ఎన్ని గంటలకు వచ్చినది, ఎప్పుడు తగ్గినది అను వివరములను ఆయన తానే వ్రాసికొనెను. కొన్ని దినముల పిమ్మట మఱింత బలమైన మోతాదును ఎక్కించుకొనెను. అపాయము కలుగలేదు. అటుపిమ్మట ఆయన మిత్రులు కొందఱు ముందుకు వచ్చి వేయించుకొనిరి. ఆ నెల ముగియకముందే ఫలితములను శాస్త్రజ్ఞుల సభకు సమర్పించెను.

మందు అపాయకరము కాదని తేలినది. అది కలరానుండి కాపాడునా యని తేలవలెనన్నచో కలరా యున్న దేశమునకు పోవలెను. అట్లు 1893లో హాఫ్కిన్ కలకత్తా నగరమున అడుగుపెట్టెను. ఆనాటి మన దేశమున టీకాలనిన జనులకు గొప్ప భయము. దొరలు మన రక్తమును చెఱచుటకు, మతమును మంటగలుపుటకు సూదులు తెచ్చినారని పుకార్లు. భయపడువారిని తప్పుపట్టుటకు వీలులేదు. పరాయి ప్రభుత్వము నమ్మకము కలుగునట్లు ప్రవర్తించినది ఎన్నడు?

1894లో కలకత్తా శివారునందలి యొక పేదల బస్తీలో కలరా సోకినది. నగర ఆరోగ్యాధికారితోను, కొందఱు భారతీయ వైద్యులతోను హాఫ్కిన్ అచ్చటికి పోయెను. బస్తీజనులు జంకిరి. అప్పుడు వైద్యులు తామే ముందుగా అందఱియెదుట టీకా వేయించుకొనిరి. చూచిన జనులలో కదలిక వచ్చినది. సుమారు 200 మంది గల ఆ బస్తీలో 116 మంది వేయించుకొనిరి. తరువాత ఆ బస్తీలో మఱల పది మందికి కలరా సోకినది. ఆ పది మందియు టీకా వేయించుకొననివారే.

ఇచ్చట నావంటి లెక్కలవాని మనస్సును ఆకర్షించిన విషయ మొకటి గలదు. హాఫ్కిన్ టీకా వేసి, జనులు బ్రతికినారని చెప్పి ఊరకుండలేదు. ఒకే బస్తీలో, ఒకే బావినీరు త్రాగుచు, ఒకే తిండి తినుచు నున్నవారిలో, వేయించుకొన్నవారిని ఒక పద్దుక్రిందను, వేయించుకొననివారిని వేఱొక పద్దుక్రిందను వ్రాసెను. రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచెను. జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని లెక్క లెక్క కాదుగదా! టీకా వేయించుకొన్నవారిలో జబ్బుపడినవారుండినచో వారిని గూడ దాచక వ్రాసెను. అస్సాము తేయాకు తోటల కూలీలలోను, చెఱసాలలలోను, సైనికుల బారకాసులలోను ఇదే పద్ధతి. 1895 నాటికి నలువదివేలకు పైబడిన జనులకు ఆయన టీకాలు వేసెను. ఆ శ్రమలో మలేరియా పట్టి శరీరము శిథిలము కాగా, విశ్రాంతికై ఐరోపాకు మరలవలసివచ్చెను. ఐనను మరుసటి యేటనే తిరిగివచ్చెను.

1896వ సంవత్సరము సెప్టెంబరులో బొంబాయి రేవుచెంతనున్న మాండవి పేటలో ప్లేగు బయల్పడినది. డాక్టరు వీగాస్ అను గోవా వైద్యుడు దానిని తొలుత గుర్తించెను. ఎలుకలు రాలుట, వెనువెంటనే మనుష్యులకు గజ్జలలోను చంకలలోను గడ్డలు లేచుట, రెండుమూడు దినములలో ప్రాణములు పోవుట జరుగుచుండెను. పట్టణము విడచి లక్షలకొలది జనులు పాఱిపోయిరి. ఆ ప్లేగు ఏండ్లకొలది దేశమంతయు వ్యాపించి, కోటికి మించిన ప్రాణములను బలిగొనినది. ఎలుకల యొంటిమీద నుండి ఎగిరిదూకు చిన్న పురుగు దీనిని మనుష్యులకు అంటించునని సీమోన్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కనిపెట్టెను. అంతకుముందు అది యెట్లు వచ్చునో యెవ్వరికిని తెలియదు.

ప్రభుత్వము పిలువగా హాఫ్కిన్ అక్టోబరులో బొంబాయికి పోయెను. గ్రాంటు వైద్యకళాశాలలో ఆయనకొక గదియు, దాని ముందరి వసారాయు ఇచ్చిరి. సహాయమునకొక గుమాస్తాయు, కొందఱు బంట్రోతులును. ప్లేగు క్రిములను చేతితో ముట్టు పని కనుక సహాయకులు నిలువలేకపోయిరి. ఐనను మూడు నెలలలో ఆయన టీకాను సిద్ధముచేసెను. ఆ విధానమున మన వంటింటి వస్తువొకటి గలదు. మాంసరసముతో నిండిన కుప్పెలలో నేతిబొట్లు వేసి వానిని తేలనిచ్చెను. ప్లేగు క్రిములు ఆ నేతిబొట్లను పట్టుకొని, మఱ్ఱియూడలవలె రసములోనికి దిగి పెరిగెను. అట్లు విస్తారముగా పెరిగిన క్రిములను వేడిచేసి చంపి, కార్బాలిక్ ఆమ్లము చేర్చి, ఆ రసమునే టీకాగా వాడిరి. చచ్చిన క్రిమి రోగము కలిగింపలేదు, కాని దేహమునకు శత్రువు రూపమును చూపగలదు.

1897వ సంవత్సరము జనవరి 10వ తేదీన హాఫ్కిన్ మఱల తన దేహమునే ముందుంచెను. కళాశాలాధ్యక్షుని సమక్షమున తోటి వైద్యునిచేత సూది వేయించుకొనెను. తరువాత ప్రజల కిచ్చిన మోతాదుకంటె మిక్కిలి అధికమైన మోతాదు అది. తీవ్రమైన జ్వరము వచ్చినది, చేయి కదల్పరాని నొప్పి కలిగినది. కొలది దినములలో తేఱుకొనెను. అది విని కళాశాలాధ్యక్షుడును, ఆచార్యులును, విద్యార్థులును, పట్టణమునందలి ప్రముఖులును ముందుకు వచ్చి వేయించుకొనిరి. ప్లేగు రోగులను ప్రతిదినము ముట్టి చూడవలసినవారు వారే. టీకాకు తొలి పరీక్షార్థులును వారే, తొలి సాక్షులును వారే.

ఆ నెలాఖరున బైకుల్లా చెఱసాలలో ప్లేగు సోకెను. ఇష్టపడిన ఖైదీలకు టీకా వేసిరి, తక్కినవారు వేయించుకొనలేదు. టీకా నాటికే రోగము లోపల ప్రవేశించియున్న కొందఱిని మాత్రము అది కాపాడలేకపోయినది. అటుపిమ్మటి దినములలో వేయించుకొననివారిలో పలువురు జబ్బుపడి, కొందఱు మరణించిరి. వేయించుకొన్నవారిలో జబ్బు మిక్కిలి అరుదయ్యెను, మరణము లేకపోయెను. హాఫ్కిన్ ఈ రెండు విషయములను దాచక లోకమునకు తెలిపెను.

ఇందులో ఒక పాఠము గలదు. టీకా వేసిన మఱుక్షణమున రక్షణ కలుగదు. దేహమునందలి తలారులు శత్రువు గుర్తులు తెలిసికొని, ఆయుధములు సిద్ధము చేసికొనుటకు కొన్ని దినములు పట్టును. రోగక్రిమిని అడ్డగించు ద్రవ్యములు రక్తమున పుట్టుచుండగా, ఒంటికి కాస్త జ్వరము, చేతికి నొప్పి కలుగుట సహజము. అన్ని దేహములు ఒక్కతీరున నేర్చుకొనవు. నేర్చిన విద్య కాలక్రమమున మరపునకు వచ్చుటయు గలదు. కావుననే కొన్ని టీకాలను మఱల మఱల వేయవలసివచ్చును.

ఆనాడు ప్రభుత్వము ప్లేగు పేరిట ఇండ్లలో బలవంతముగా జొరబడి సోదాలు చేయుట, రోగులను లాగుకొనిపోవుట, సామానులు తగులబెట్టుట చేయుచుండగా జనులు మండిపడుచుండిరి. పూనాలో ఆ యాగ్రహము 1897 జూన్‌లో ప్లేగు అధికారియైన ర్యాండు హత్యకు దారితీసినది. అట్టి కాలమున టీకా మాత్రము ఇష్టపడినవారికే వేయబడెను. దానికి నమ్మకమును సంపాదించినది నాయకుల మాదిరి. ఖోజాల మతగురువైన ఆగాఖాన్, అప్పటికి ఇరువదేండ్ల ప్రాయమువాడు, బహిరంగముగా టీకా వేయించుకొని తన యనుచరులకు చూపెను. వేలకొలది ఖోజాలు ఆయనను అనుసరించిరి. ప్రయోగశాలకు తన భవనమును గూడ ఆయన ఇచ్చెను. 1899 ఆగస్టులో పరేలునందలి పాత గవర్నరు భవనమున ప్లేగు పరిశోధనాలయము వెలసినది. అచ్చటినుండి సీసాలు దేశ దేశములకు పోయినవి. 1897 మొదలు 1925 వఱకు బొంబాయినుండి పంపబడిన ప్లేగు టీకా మోతాదులు 2 కోట్ల 60 లక్షలు.

ఇంతవఱకు జమ. ఇక ఖర్చు పద్దు.

1902వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన పంజాబు దేశమున, నేడు పాకిస్తానులో నున్న ముల్కోవాల్ గ్రామమున, 107 మందికి ప్లేగు టీకా వేసిరి. ఐదు సీసాలు వాడిరి. అందు ఒక సీసాలోని మందు ఎక్కిన 19 మందికి వారము తిరుగునప్పటికి ధనుర్వాతము సోకినది. ఆ 19 మందియు మరణించిరి. తక్కిన సీసాలనుండి వేయించుకొన్నవారికి ఏమియు కాలేదు. ఆ 19 మంది పల్లెజనులు. మనవలెనే పొలము దున్నుకొని, పంట నూర్చుకొనుచుండినవారు. ప్లేగునుండి బ్రతుకుదమని నమ్మి చేయి చాచినవారు. హాఫ్కిన్‌ను పొగడువారు వారిని మరచుట తగదు.

ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. హాఫ్కిన్ కార్యాలయమున కార్బాలిక్ ఆమ్లమునకు బదులుగా వేడిచేయు పద్ధతిని ప్రవేశపెట్టియుండిరి. అది పారిస్‌లో వాడుకలో నున్న పద్ధతియే. ఐనను ఆ మార్పువలననే సీసాలో విషము చేరినదని సంఘమువారు నిర్ణయించిరి. హాఫ్కిన్‌ను పదవినుండి తొలగించిరి. 1904లో ఆయన లండనుకు పోయెను. రష్యానుండి వచ్చిన యూదుడు, వైద్యపట్టము లేనివాడు, తమ యధికారులను మించిన కీర్తి పొందినవాడు అనెడి అసూయలును ఈ వ్యవహారమున పనిచేసినవని చరిత్రకారులు భావింతురు.

నిజ మేమనగా, ముల్కోవాల్‌లో సీసా మూత తీయునప్పుడు సహాయకుని చేతిలోని పట్టుకారు నేలమీద పడినది. దానిని సరిగా శుద్ధిచేయక మరల వాడిరి. నేలమట్టిలో ధనుర్వాత క్రిములుండుట మనకు తెలిసినదే. అందుచేతనే గాయమున మట్టి చేరకుండ చూచుకొందుము. సీసా బొంబాయిలోనే చెడియుండినచో, వారములకొలది నిలువయున్న దానిలో క్రిములు పెరిగి, మూత తీసినప్పుడు దుర్గంధము కొట్టవలెను. అట్టి వాసన యేదియు లేదు. ఈ సాక్ష్యము విచారణ కాగితములలోనే యుండెను. ఐనను దానికి తగిన విలువ నీయలేదు. లెక్కలు వ్రాయువారికి దీనినిమించిన హెచ్చరిక వేఱొకటి యుండదు. కాగితము కట్టలో నుండుట చాలదు, దానిని చదువువాడు ఉండవలెను.

చదివినవాడు రోనాల్డ్ రాస్. ఈ పేరు మన తెలుగునాటివారికి క్రొత్త కాదు. మలేరియా దోమకాటువలన వచ్చుననుటకు ఆధారమైన క్రిమిని ఆయన దోమ కడుపులో కనుగొన్నది మన సికింద్రాబాదుననే. అది 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, హాఫ్కిన్ తన దేహమున ప్లేగు సూది గ్రుచ్చుకొన్న సంవత్సరమే, జరిగినది. రాస్ మహాశయుడు ముల్కోవాల్ కాగితములను పరిశీలించి, హాఫ్కిన్ నిర్దోషియని నమ్మి, పత్రికలలో పోరాడెను. 1907 జూలైలో ఆయనతో గూడి పదిమంది సూక్ష్మజీవశాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసిరి. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము హాఫ్కిన్‌పై నింద తొలగించెను.

నింద తొలగుటకు ఐదేండ్లు పట్టినది. నీలాపనింద మోసిన శ్రీకృష్ణునికి శమంతకమణి దొరికినంతనే లోకము తల వంచినది. హాఫ్కిన్‌కు మణి దొరికినను పూర్వపు స్థానము దొరకలేదు. కలకత్తాలో ఒక పరిశోధనాలయమున ఉద్యోగ మిచ్చిరి. కాని ప్రజలలోనికి పోయి టీకాలను పరీక్షించు వీలు కల్పింపలేదు. అచ్చట కొన్ని సంవత్సరములు పనిచేసి, 55 ఏండ్ల ప్రాయమున విశ్రాంతి గైకొని ఐరోపాకు మరలిపోయెను. వివాహము చేసికొనలేదు. కడపటి దినములలో తన మతాచారములయందు శ్రద్ధవహించి, తాను కూడబెట్టిన ధనమును యూదుల పాఠశాలలకై నిధిగా ఏర్పఱచెను. 1930వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండునందలి లోజాన్ నగరమున కన్నుమూసెను.

ఆయన జీవించియుండగనే, 1925లో, పరేలునందలి పరిశోధనాలయమునకు హాఫ్కిన్ సంస్థ యని పేరు పెట్టిరి. 1964లో మన ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను. స్ట్రెప్టోమైసిన్ మొదలగు మందులు వచ్చిన పిమ్మట ప్లేగు మునుపటివలె భయంకరము కాలేదు, ఆనాటి టీకాకు అవసరమును తగ్గినది. మందు పాతబడినను పద్ధతి పాతబడలేదు.

ఇక అరుగుమీది ప్రశ్నకు వత్తును. 2021లో ఆసుపత్రివారికి ముందుగా వేసిన టీకాలు రెండు. ఒకటి పూనాలో తయారైన కోవిషీల్డు, రెండవది మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్. ఈ రెండవదానిలో నున్నది చంపబడిన కరోనా సూక్ష్మజీవి. చచ్చిన శత్రువును చూపి దేహమునకు విద్య నేర్పుట 1897లో గ్రాంటు కళాశాల వసారాలో జరిగిన పని. 2021లో మన తెలుగునేలమీద జరిగినదియు మూలసూత్రమున అదియే.

ఆ టీకాలు వేయించుకొన్న ఆసుపత్రివారి రక్తమును పలుచోట్ల పరీక్షించి చూచిరి. మొదటి మోతాదు తరువాత కొంత, రెండవ మోతాదు తరువాత విశేషముగా రక్షకద్రవ్యములు పెరిగెను. కొన్ని నెలలు గడచిన పిమ్మట అవి తగ్గుట కనబడెను. టీకా వేయించుకొన్నవారిలోను కొందఱికి కరోనా సోకినది, కాని పెక్కుమందికి అది ప్రాణాపాయము కలిగింపక తేలికగా పోయెను. రక్షకద్రవ్యము తగ్గినను, శత్రువును గుర్తించు జ్ఞాపకము కొన్ని కణములలో నిలిచియుండుటయే ఇందుకు కారణము. ఈ లెక్క తేలినందుననే వారికి మూడవ మోతాదు వేయ నిశ్చయించిరి. అది ప్రారంభమైన దినము 2022వ సంవత్సరము జనవరి 10వ తేదీ. హాఫ్కిన్ తన దేహమున ప్లేగు సూది గ్రుచ్చుకొన్న నాటికి సరిగా 125 సంవత్సరములు నిండిన దినము. ఎవ్వరును ఎంచి పెట్టిన ముహూర్తము కాదు. కాలము తానై కలిపిన జంట.

కావున పెద్దాయన ప్రశ్నకు నా సమాధాన మిది. వారికి ముందు వేయుట ప్రేమచేత మాత్రము కాదు, పరీక్షకొఱకు మాత్రము కాదు. ఆ టీకాలను అంతకుముందే ఇష్టపడి వచ్చిన వేలమందికి వేసి చూచియుండిరి. రోగికి అతి సమీపమున నిలుచువారు వారే. వారు పడిపోయినచో మనలను నిలబెట్టువారుండరు. ఇది మొదటి కారణము. రోగమును నిత్యము ఎదుర్కొనువారి దేహములు ఎట్లు తట్టుకొనుచున్నవో చూచి వ్రాసినచో, ఆ లెక్క లోకమున కంతకును ఉపకరించును. ఇది రెండవది. ఈ రెంటికంటె పెద్దది మూడవది. ఎదుటివాని చేతిలో సూది గ్రుచ్చ దలచినవాడు ముందుగా తన చేయి చాపవలెను. హాఫ్కిన్ పారిస్‌లో చేసినదియు, కలకత్తా వైద్యులు బస్తీలో చేసినదియు, గ్రాంటు కళాశాలవారు చేసినదియు, మన కాలమున వార్డు ఊడ్చు పేదస్త్రీ చేసినదియు ఇదియే. ఆజ్ఞలచేత నమ్మకము పుట్టదు, ఆచరించి చూపుటచేత పుట్టును.

ఐనను నమ్మకమునకు కాపలా కావలెను. ముల్కోవాల్‌లో జరిగిన చిన్న అశ్రద్ధ 19 ప్రాణములను తీసినది, ఒక మహనీయుని జీవితమును చెఱచినది, ఎందఱికో టీకాయందు భయము కలిగించినది. మన యూరికి వచ్చి టీకాలు వేయు నర్సమ్మ ప్రతివారికి క్రొత్త సూది విప్పుచున్నదా యని చూచుట తప్పు కాదు. అడుగుట అవమానము కాదు. అడిగినవానికి ఓర్పుతో చెప్పుట ఆమె ధర్మము, చెప్పినది విని ఆలోచించుట మన ధర్మము.

గ్రంథాలయమున చిన్న కొలువుతో మొదలిడిన యొక పరదేశి, తన దేహమును ముందుంచి, జమాఖర్చులు రెండును దాచక వ్రాసి, నింద వచ్చినను పని విడువక, కోట్లమందికి మేలు చేసెను. మన గ్రంథాలయపు బీరువాల నడుమ నేడు తిరుగుచున్న బాలబాలికలలో అట్టివా రెవరున్నారో ఎవరు చెప్పగలరు? వారికి పుస్తకము లందించిన పుణ్యము ఈ గ్రంథాలయమునకు దక్కవలెను. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ నూఱేండ్లు వర్ధిల్లుగాక యని కోరుచు, చదువరులకు నమస్కరించి విరమించుచున్నాను.